బాణం గుర్తు కింద ఉన్న కార్డు

కాసేపు ఆగండి. చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి ఇటు వినండి, ఎందుకంటే ఇది మధ్యలో లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి అందుకోగలిగే కథ కాదు, అలాగని పెద్ద కథా కాదు, ఒక్క గంటలో జరిగింది, అదీ ఒకమ్మాయి కుర్చీలోంచి కదలకుండా కూర్చున్న గంటలో. మధ్యాహ్నం మూడయింది. గాజు గది తలుపు మూసుకుని నాలుగు నిమిషాలయింది. లోపల బల్లకి ఒకవైపు మేనేజర్ మేడమ్, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు, రెండోవైపు బాబాయ్ ఒక్కరే. ఆమె సీటు నుంచి ఆయన వీపు కనిపిస్తుంది, నీలం చొక్కా, కాలరు దగ్గర చెమట, ఎడమ కాలు చాపుకోవడానికి బల్ల కింద చోటు లేక పక్కకి తిప్పి పెట్టుకున్న మోకాలు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే, మేడమ్‌కి కూడా. ఈమె అందరికీ టకటక. కీబోర్డు మీద ఈమె వేళ్ళు పడే చప్పుడుకి పక్క సీటువాడు పెట్టిన పేరు అది, మూడేళ్ళలో అదే ఖాయమైపోయింది, జీతం చీటీ మీద తప్ప అసలు పేరు ఎక్కడా వినపడదు. "నువ్వు సీటు దగ్గరే ఉండు టకటకా, బాబాయ్‌తో అయ్యాక పిలుస్తాం, రెండు నిమిషాలే, ఆయనకి ట్రైనింగ్ సరిగ్గా ఇచ్చానని చెప్తే చాలు" అని మేడమ్ లోపలికి వెళ్తూ భుజం తట్టి వెళ్ళింది. తట్టిన చోట ఇంకా బరువుగా ఉంది. ట్రైనింగ్ సరిగ్గానే ఇచ్చింది, చిక్కంతా అదే. బాబాయ్ ఆ కీ నొక్కలేదు. ఆ క్షణాన ఆయన చెయ్యి కీబోర్డు మీదే లేదు. నొక్కింది తను. ఈ సంగతి ప్రపంచంలో తెలిసింది తనకొక్కదానికే, ఆ కీబోర్డుకి నోరుంటే దానికి కూడా.

వాళ్ళ పని లిఫ్టులు. నాలుగు వందల చిల్లర లిఫ్టులు, ఏ లిఫ్టుకి ఏ జబ్బు చేసినా ఫోను ఇక్కడికే, ఫోను తీసినవాళ్ళు బోర్డు మీద ఒక కార్డు పెట్టాలి, అంటే నిజం బోర్డూ కాదు, నిజం కార్డూ కాదు, స్క్రీను మీద నిలువు వరసలు, కొత్తవి ఒక వరస, మెకానిక్‌కి ఇచ్చినవి ఒక వరస, అయిపోయినవి ఒక వరస. కొత్తవి చూసి ఏ మెకానిక్ ఎటు వెళ్ళాలో పంచేది బాబాయ్. ఈ సాఫ్ట్‌వేర్‌కి ఒక వంకర బుద్ధుంది. ఎక్కడైనా ఏం చేస్తాం, ముందు ఒకదాన్ని నొక్కి ఎంచుకుంటాం, తర్వాత దీన్ని ఇలా చెయ్యమంటాం. ఇందులో ఎంచుకోవడమే లేదు. మౌసు బాణం గుర్తు ఏ కార్డు మీద ఊరికే ఆగి ఉంటే, దాని దృష్టిలో ఆ కార్డే నీ కార్డు. నువ్వు ఎటు చూస్తున్నావో, ఏం ఆలోచిస్తున్నావో, అసలు ఆ చేత్తో టీ తాగుతున్నావో దానికి అనవసరం. కంట్రోలూ వద్దు, ఆల్టూ వద్దు, ఒక్క అక్షరం చాలు, ఒకటి కొడితే కార్డు నీ పేరున పడుతుంది, ఒకటి కొడితే గడువు మారుతుంది, ఇంకొకటి కొడితే ఆర్కైవ్, అంటే చించేయడం కాదు, అటక మీదకి విసిరేయడం, బోర్డు మీద ఉండదు, ఎవరి కంటా పడదు, వెతికేవాళ్ళకి తప్ప దొరకదు, లేదని తెలిస్తే కదా వెతకడానికి. నిజంగానేనా అని ఒక్క మాట అడగదు. ఎడమవైపు అడుగు మూలన ఒక నల్ల పట్టీ వచ్చి, కార్డు ఆర్కైవ్ అయింది, వెనక్కి తేవాలా అని ఐదు సెకన్లు గొణిగి తన దారిన తను పోతుంది. ఎస్కేప్ కొడితే ఆ ఐదు సెకన్లు కూడా ఉండదు. టకటకకి ఇదంతా ఎంత ముద్దొచ్చేదని. మొత్తం ముప్పై నాలుగు షార్ట్‌కట్‌లు, వచ్చిన మొదటి వారమే బట్టీ కొట్టింది, రంగుల్లో చార్టు వేసింది, ప్లాస్టిక్ పూత వేయించి ప్రతి బల్లకీ అంటించింది, మౌసు ముట్టుకున్నవాళ్ళు అందరికీ టీ తేవాలని పందెం పెట్టింది, మేడమ్ మురిసిపోయి ఆ చార్టు ఫొటో తీసి పెద్దాఫీసుకి పంపింది. వచ్చే నెల నుంచి టీమ్ లీడ్ నువ్వే అన్నట్టు ఒక నవ్వు కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గాజు అవతల ఉంది, మూతి బిగించుకుని.

గాజులోంచి మాట వినపడదు, చేతులే కనపడతాయి. పెద్దాఫీసు మనిషి ఒకాయన కాగితం మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు, ఆ కాగితం ఏంటో ఇక్కణ్ణించే చెప్పగలదు, కార్డు చరిత్ర, సోమవారం పదింటికి కార్డు పుట్టింది, పుట్టించింది టకటక, మంగళవారం పదకొండు నలభై రెండుకి ఆర్కైవ్ అయింది, చేసింది బాబాయ్. రెండే రెండు గీతలు. మధ్యలో మనుషులు ఉండరు, పేర్లుంటాయి, పేరంటే ఆ సిస్టమ్‌లోకి పొద్దున ఎవరు లాగిన్ అయ్యారో వాళ్ళ పేరు, ఆ తర్వాత దాని మీద ఎవరు వంగారో, ఎవరి వేళ్ళు పడ్డాయో ఏ కాగితం మీదా రాదు. సోమవారం పదింటికి. ఆ గొంతు చెవిలోనే ఉంది, కాస్త బొంగురు, వెనకాల కుట్టుమిషన్ చప్పుడు. "అమ్మా, మూడో అంతస్తులో లిఫ్టు రాకముందే తలుపు తెరుచుకుంటోందమ్మా. రోజంతా బట్టల మూటలు మోసుకుని తిరిగేదాన్ని నేను, కాస్త తొందరగా ఎవర్నైనా పంపండి." "ఇవాళే పంపిస్తామండీ" అంది తను, అంటూనే కార్డు కొట్టేసింది, పదకొండు సెకన్లు, ఫోను పెట్టేలోపే అయిపోయింది, పదకొండు సెకన్లని పక్క సీటువాడికి వేళ్ళతో చూపించి మరీ కాలరెగరేసింది. ఆవిడ టైలరు. ఆ భవనంలో నాలుగో అంతస్తులో కుట్టు, మూడో అంతస్తులో ఇస్త్రీ. శుక్రవారం సాయంత్రం రెండు చేతుల్లో గడ్డం దాకా మూట, కిందేముందో కనపడదు, తలుపు తెరుచుకుంది, సోమవారమే బాగుచేసి వెళ్ళుంటారనుకుంది, తెరుచుకుందంటే లిఫ్టు ఉన్నట్టే కదా, అడుగేసింది. లిఫ్టు మొదటి అంతస్తులో ఉంది. దాని కప్పు మీద పడింది. మూట ముందు పడి ఆవిణ్ణి బతికించిందన్నారు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. కుడికాలు, మిషన్ తొక్కే కాలు. శనివారం ఆస్పత్రి మంచం మీద నుంచి ఆవిడే ఫోను చేసింది, తిట్టడానికి కాదు, అదే పాపం, తిట్టినా బాగుండేది. "సోమవారమే చెప్పాను కదమ్మా. మీరే కదా తీశారు, మీ గొంతే కదా అది?" టకటక గొంతు తగ్గించింది. "కాదండీ, వేరే ఎవరో అయ్యుంటారు" అంది. "అవునా. అచ్చం మీలాగే ఉందమ్మా" అని ఆవిడే ఫోను పెట్టేసింది, క్షమించమన్నట్టు.

"ఏంటి టకటకా, చప్పుడే లేదు, కీబోర్డుకి జ్వరమా?" పక్క సీటు నుంచి హెడ్‌ఫోన్, ఆఫీసులో వాడి పేరు అదే. రెండు చెవుల మీదా అవి లేకుండా వాణ్ణి చూసినవాళ్ళు లేరు, పాట లేకపోయినా పెట్టుకుంటాడు, పిలిస్తే పలక్కుండా ఉండటానికి. ఇప్పుడు మాత్రం ఒక చెవి తీసి పెట్టాడు, గాజు గదివైపు ఉన్న చెవి.

"పని చూసుకో."

"చూస్తూనే ఉన్నా. పాపం బాబాయ్. మళ్ళీ కళ్ళజోడు డబ్బా పెట్టేసుంటాడు."

"నోరు ముయ్యి."

"నా మీద అరుస్తావేంటి, నేనేమన్నా నొక్కానా?"

కళ్ళజోడు డబ్బా. ఆర్నెల్ల కిందటి మాట. బాబాయ్ ఒక మధ్యాహ్నం కళ్ళు తుడుచుకుంటూ కళ్ళజోడు డబ్బాని కీబోర్డు మీద పెట్టారు, అది స్పేస్ బార్ మీద కూర్చుంది, స్పేస్ అంటే కార్డు నా పేరున వెయ్యి అని, ఆయన రెండో చేత్తో మౌసుని వరస వెంబడి కిందకి జరుపుతూ పోయారు, బాణం ఆగిన కార్డల్లా ఆయన పేరున పడింది, పదిహేడు. మెకానిక్కులు ఫోన్లు, బాబాయ్ మా పనులన్నీ మీరే చేసేస్తున్నారా అని. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆయన కూడా నవ్వారు, "ఇరవయ్యారేళ్ళు లిఫ్టు గుంటల్లో తిరిగాను, పదిహేడంటే నాకో లెక్కా, స్పానరు తెండి, పోతాను" అన్నారు, మోకాలు నిమురుకుంటూ. ఆ మోకాలు లిఫ్టు గుంటలోనే పోయింది, అందుకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, ఈ బల్ల పోతే ఆయనకి ఇంకో బల్ల లేదు, అది అందరికీ తెలుసు, తెలిసే నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఎవరంటే, చెప్పాలా. ఆ డబ్బా కథే ఇవాళ ఆయన మెడకి చుట్టుకుంది. శనివారం చరిత్ర తీయగానే ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఆఁ బాబాయే, ఇంకెవరు అన్నారు, ఆయన కూడా ఆశ్చర్యపోలేదు. "నేనే ఏదో చేసుంటానమ్మా, నాకీ అక్షరాల గోల పట్టదు కదా" అన్నారు.

ఆ సాయంత్రం, పదిహేడు కార్డుల రోజున, అందరూ వెళ్ళిపోయాక ఆయన మెల్లగా ఈమె బల్ల దగ్గరికొచ్చి అడిగారు. "అమ్మా, నాకీ ఒక్కక్షరం నొక్కితే పనైపోవడం భయంగా ఉంది. నా వరకు ఇది ఆపేయడం కుదురుతుందా?" కుదురుతుంది. సెట్టింగ్స్‌లో అడుగున చిన్న గడి, అందులో టిక్కు తీసేస్తే ఆ మనిషికి షార్ట్‌కట్‌లు పనిచేయవు, మౌసుతోనే అన్నీ, మూడు సెకన్ల పని. "కుదరదు బాబాయ్, అందరికీ ఒకటే" అంది. ఎందుకంది. ఎందుకంటే చార్టు. ఎందుకంటే మేడమ్ పెద్దాఫీసుకి పంపిన ఉత్తరంలో మా బ్రాంచిలో నూటికి నూరు మంది షార్ట్‌కట్‌లు వాడుతున్నారని ఉంది, ఆ నూరులో ఒకరు తగ్గితే, ఛ, ఇంత చిన్న దానికి. చిన్నదే. దాని పక్కన ఆయన నోటుపుస్తకం కూడా చిన్నదే, నీలం అట్ట, పెన్సిలు దారంతో కట్టి ఉండేది, ఫోనొచ్చిన ప్రతి లిఫ్టూ అందులో రాసుకుని, మెకానిక్ తిరిగి ఫోను చేసి అయిపోయింది బాబాయ్ అన్నాకే అడ్డంగా గీత కొట్టేవారు, గీత లేనిది ఉంటే ఇంటికెళ్ళేవారు కాదు. "ఇంకా పుస్తకమేంటి బాబాయ్, రెండు చోట్ల ఉంటే గందరగోళం, అంతా బోర్డులోనే" అని రోజూ ఆటపట్టించి, ఆటపట్టించి, ఒకరోజు మేడమ్ ముందు కూడా అని, మాన్పించింది. పోయిన నెల మానేశారు. పుస్తకం సొరుగులో ఉంది. ఆ పుస్తకం ఉండి ఉంటే శుక్రవారానికి టైలరమ్మ పేరు మీద గీత ఉండేది కాదు, ఆయన ఊరుకునేవారు కాదు.

మూడూ ఇరవై. లోపల మేడమ్ నీళ్ళ గ్లాసు బాబాయ్ వైపు జరిపింది. ఆయన ముట్టుకోలేదు. మంగళవారం కూడా ఆయన పక్కన గ్లాసు ఉంది, టీ గ్లాసు, చల్లారిపోయి పైన మీగడ కట్టి ఉంది, అందుకే ఆ రోజు అంత బాగా గుర్తు. కొత్త చార్టు ఇవ్వడానికి వెళ్ళింది. ఆయన మౌసుతో ఏదో భవనం కార్డు కోసం వరసలు పైకీ కిందికీ జరుపుతున్నారు, నెమ్మదిగా, పొలం కొలుస్తున్నట్టు. చూడలేకపోయింది. "ఎంతసేపు బాబాయ్, జరగండి జరగండి, మౌసు వదిలేయండి ముందు" అంది. ఆయన రెండు చేతులూ పైకెత్తారు, లొంగిపోయినట్టు, "ఇదిగో వదిలేశానమ్మా" అని. బాణం ఎక్కడుంటే అక్కడ ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో ఇప్పుడు తెలుసు. అప్పుడు చూడలేదు, అసలు మౌసు వైపు చూడకపోవడమే కదా గొప్ప. ఆయన భుజం మీదుగా వంగి వెతుకులాట పెట్టె తెరిచే కీ కొట్టింది, కొట్టి, తెరుచుకుందా లేదా అని ఆగకుండా భవనం పేరు టైపు చేసేసింది. తన సిస్టమ్‌లో అయితే అప్పటికే తెరుచుకునేది. ఆయనది పాతది, ఒక క్షణం ఆలస్యం, పెట్టె రాకముందే అక్షరాలు వచ్చేశాయి, వెళ్ళాల్సిన చోటు లేక బోర్డు మీద పడ్డాయి, నాలుగో ఐదో, అందులో ఒకటి ఆర్కైవ్. లిఫ్టు రాకముందే తెరుచుకున్న తలుపులోకి అడుగేసినట్టే, అని ఇవాళ పొద్దున తోచింది. బోర్డు ఒకసారి వణికింది. ఎడమ మూలన నల్లగా ఏదో వచ్చింది. చూసింది. చూడలేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా చూసింది, కంటి చివర్న, నల్ల పట్టీ, దాన్ని చదవడానికి ఒక సెకను పట్టేది, ఒక్క సెకను, చదవకుండా ఎస్కేప్ కొట్టింది, ఎందుకంటే వేళ్ళకి అలవాటు, అడ్డమొచ్చిందాన్ని తీసి పారేయడం. మళ్ళీ కొట్టింది, ఈసారి పెట్టె తెరుచుకుంది, భవనం దొరికింది. "చూశారా, రెండు సెకన్లు." "పిడుగువమ్మా నువ్వు" అన్నారు బాబాయ్. అని, కళ్ళు చిట్లించి బోర్డు వైపు చూశారు. "ఇక్కడ పైన ఇంకోటి ఉండాలే, నిన్న మెకానిక్ దొరక్క మిగిలింది. ఇప్పుడే ఎవరికో ఇద్దామని చూస్తున్నాను." తను అప్పటికే వెనక్కి తిరిగింది. "ఇచ్చేసుంటారు బాబాయ్, మర్చిపోయుంటారు" అని నవ్వుతూ వచ్చేసింది. ఆయన కాసేపు చూసి, ఇచ్చేశానేమోలే అనుకున్నారు. ఇరవయ్యారేళ్ళు ఏ లిఫ్టు ఏ శబ్దం చేస్తే ఏ బేరింగ్ పోయిందో కళ్ళు మూసుకుని చెప్పిన మనిషి, తన కళ్ళతో చూసినదాన్ని నమ్మడం మానేసి ఈమె మాట నమ్మారు.

ఇవాళ పొద్దున ఏడున్నరకే వచ్చింది, ఊడ్చే ఆవిడ తప్ప ఎవరూ లేరు. బాబాయ్ సిస్టమ్‌లో తన పేరుతో లాగిన్ అయి పరీక్ష అని ఒక ఉత్తుత్తి కార్డు పెట్టింది, బాణం దాని మీద ఆపింది, వెతుకులాట పెట్టె తెరుచుకునేలోపే ఆ భవనం పేరు కొట్టింది. పోయింది. వెనక్కి తెచ్చి మళ్ళీ కొట్టింది. పోయింది. పదకొండుసార్లు. ఒక్కసారైనా పోకుండా ఉంటే బాగుండునని కొట్టింది, అది మాత్రం బుద్ధిగా పదకొండుసార్లూ పోయింది. "ఏంటమ్మా, పొద్దున్నే ఆటా?" అంది ఊడ్చే ఆవిడ వెనకనుంచి. "ఆఁ, ఆటే" అంది.

అమ్మ టైపిస్టు. ఈ వేళ్ళు అమ్మవే, చప్పుడు కూడా. కానీ అమ్మ స్క్రీను వైపు కాదు, కాగితం వైపు చూసేది, తప్పు పడితే రబ్బరు, రబ్బరుకి పోకపోతే మళ్ళీ మొదటి అక్షరం నుంచి, అడుగున ఎడమ మూలన చిన్నక్షరాల్లో కొట్టినవాళ్ళ పొడి అక్షరాలు తప్పనిసరి. అదే ఎడమ మూల. ఒకసారి ఒక నోటీసులో తేదీ తప్పు కొట్టింది, జనం ఒకరోజు ఆలస్యంగా వచ్చారు, ఆఫీసరు ఆ నోటీసులు పంచిన ప్యూను మీద పడ్డాడు, నువ్వే ఆలస్యంగా ఇచ్చుంటావని. అమ్మ లోపలికెళ్ళి, తేదీ తప్పు కొట్టింది నేనండీ, కింద నా అక్షరాలున్నాయి చూడండి అంది. ఆఫీసరు అందరి ముందూ ఎంత నిజాయితీ అని మెచ్చుకుని, నాలుగేళ్ళు ప్రమోషన్ ఆపాడు. ప్యూను ఆ తర్వాత ఎప్పుడూ అమ్మ మొహం చూసి మాట్లాడలేదట, మొహమాటమో ఏమో. "చెప్పి ఏం బావుకున్నానే?" అనేది అమ్మ, బట్టలు మడత పెడుతూ. కనీసం ఆ నాలుగేళ్ళూ నిద్రైనా బాగా పట్టిందా అమ్మా అని అడిగితే, "ఏం పట్టింది, నువ్వు పసిపిల్లవి, ఎక్కడ పడుకోనిచ్చావు" అని నవ్వింది. ఏ వైపు తిప్పినా ఈ కథలోంచి ఒక్క నీతి రాలదు. ఎన్నిసార్లు దులిపిందో.

మూడూ ముప్పై ఐదు. ఆ కార్డు ఇప్పుడు మళ్ళీ బోర్డు మీద ఉంది, అటక మీద నుంచి దింపారు, ఎర్ర రంగు వేశారు, ఆఫీసంతా దానికి కాపలా కాస్తున్నట్టుంది, దాని మీద ఎవరు ఏం రాసినా అదే క్షణంలో మేడమ్‌కీ పెద్దాఫీసుకీ అందరికీ మెయిల్ పోతుంది, తర్వాత చెరిపినా చెరిపినట్టు కనిపిస్తుంది. టకటక దాన్ని తెరిచి వ్యాఖ్య రాసే పెట్టెలో కర్సర్ పెట్టింది. ఈ పెట్టెకి ఇంకో రోగం. పైన వివరాలు రాసే చోట ఎంటర్ కొడితే కింది లైనుకి పోతుంది, ఇక్కడ ఎంటర్ కొడితే అంతే, వెళ్ళిపోతుంది, సగం వాక్యమైనా సరే. హెడ్‌ఫోన్ ఒకసారి, మేడమ్ మీరు చెప్పింది తప్పు, అని రాసి కిందికి దిగుదామని ఎంటర్ కొట్టాడు, కాదు అన్న మాట రెండో వ్యాఖ్యగా వెళ్ళేసరికి మేడమ్ వాడి కుర్చీ వెనక నిలబడి ఉంది. ఎస్కేప్ కొడితే పెట్టె మూసుకుంటుంది, రాసింది గాలికి, దాచుకోనా అని అడగదు. ఏమీ కొట్టకపోయినా ఐదు నిమిషాలు ఊరుకుంటే సిస్టమ్ లాకైపోయి, తెరిచేసరికి పేజీ కొత్తగా వచ్చి, పెట్టె ఖాళీ. మొదట రాసింది, మంగళవారం ఆ సిస్టమ్‌ని మరొకరు కూడా వాడి ఉండవచ్చు. చదువుకుంది. మరొకరు, ఉండవచ్చు, తన మీద తనకే అసహ్యం వేసింది, ఎస్కేప్. రెండోసారి రాసింది, ఇది ఒకరి తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ డిజైన్‌లోనే లోపం ఉంది, బాణం ఆగిన చోట. నిజమే ఇది, నూటికి నూరు పాళ్ళు నిజం, ఇంత నిజమైనదాన్ని ఇంత దొంగతనంగా వాడొచ్చని ఇప్పుడే తెలిసింది, ఎస్కేప్. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాడు ఎక్కడో ఏసీ గదిలో ఉంటాడు, వాడికి కార్డంటే ఇల్లు సర్దుకునే జాబితా, పాలు తేవాలి, కరెంటు బిల్లు, పోతే పోయింది, వాడి కార్డు కింద ఎవరి కాలూ ఉండదు. వాణ్ణి తిట్టుకుంటే కాస్త హాయిగా ఉంది, ఆ హాయి చూసి భయమేసింది. టైలరమ్మకి వాడెవడో తెలీదు. ఆవిడకి తెలిసింది ఒక గొంతు, ఇవాళే పంపిస్తామండీ అన్న గొంతు.

మూడోసారి వేళ్ళు నెమ్మదిగా పడ్డాయి, ఒక్కో అక్షరం, బాబాయ్ కొట్టినట్టు, రెండు వేళ్ళతో. మంగళవారం ఈ కార్డుని ఆర్కైవ్ చేసింది నేను. బాబాయ్ చెయ్యి కీబోర్డు మీద లేదు. సోమవారం ఫోను తీసింది కూడా నేనే. అంతే. ఎక్కువ రాస్తే మళ్ళీ సాఫ్ట్‌వేర్ వస్తుంది. కర్సర్ వాక్యం చివర మిణుకు మిణుకుమంటోంది. చూపుడు వేలు ఎంటర్ మీద లేదు, ఎస్కేప్ మీదా లేదు, రెండూ కీబోర్డుకి చెరో చివర, ఎవరు పెట్టారో గాని తెలివిగా పెట్టారు. మూడూ యాభై ఒకటి అని స్క్రీను మూల చూపిస్తోంది. ఐదు నిమిషాలు ఊరుకుంటే ఖాళీ. వచ్చే నెల టీమ్ లీడ్. టీమ్ లీడ్ సంగతి అటుంచు, ఈ కుర్చీ. ఆయనకి యాభై నాలుగు, మోకాలు, ఇంకో బల్ల లేదు. తనకి ఇరవై ఐదు, ఇంకో కుర్చీ దొరుకుతుంది, దొరుకుతుందా, లిఫ్టులో మనిషి కాలు విరగ్గొట్టిన అమ్మాయి అన్న పేరుతో దొరుకుతుందా, టకటక అనే పేరు వేళ్ళ చప్పుడుకే ఖాయమైంది, ఇది ఎంతసేపు. పైగా చరిత్రలో ఆయన పేరే ఉంది, తను నోరు మెదపకపోతే అబద్ధం చెప్పినట్టు కూడా కాదు, కాగితం చెప్పింది, తను ఊరుకుంది. అబ్బ, ఎంత శుభ్రంగా ఉంది ఈ మాట. చేతులు కడుక్కున్నట్టే ఉంది.

గాజు తలుపు తెరుచుకుంది. బాబాయ్ గోడ పట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, ముందు తన సీటుకి కాదు, ఈమె బల్ల దగ్గరికే వచ్చారు. హెడ్‌ఫోన్ గబుక్కున రెండో చెవి కూడా పెట్టేసుకున్నాడు. టకటక స్క్రీనుకి అడ్డంగా భుజం జరిపింది, ఎందుకు జరిపిందో, ఆయన కళ్ళజోడు జేబులోనే ఉంది, అది లేకుండా ఆయనకి అక్షరం కనపడదు.

"అయిపోయిందమ్మా" అన్నారు, కుర్చీ వీపు మీద చెయ్యి ఆన్చి. "నేనే నొక్కి ఉంటానని రాసిచ్చాను. ఏ కీ అంటే తెలీదన్నాను. ఇంకేం చెప్పను."

"ఏమన్నారు వాళ్ళు?"

"మంచిగానే మాట్లాడారు. మంచిగా మాట్లాడారంటేనే తెలియట్లా, ఇంక రేపట్నుంచి రానక్కర్లేదని." నవ్వబోయి, మానేశారు. "నీ గురించి అడిగారు, నేర్పిందా అని. బ్రహ్మాండంగా నేర్పింది, నా బుర్రకే ఎక్కలేదన్నాను. నీకేం కాదులే."

"బాబాయ్..."

"ఆగు, ఒకటడగాలి. నా సిస్టమ్‌ని మంగళవారం ఇంకెవరైనా ముట్టుకున్నారా అన్నారు. లేదన్నాను." ఆయన వంగారు, గొంతు తగ్గించారు, దాచడానికి కాదు, సిగ్గుతో. "చెప్పాకే అనుమానమొచ్చింది. ఈమధ్య నాకన్నీ మర్చిపోతున్నట్టుంది, ఇచ్చినవీ ఇవ్వనివీ. నువ్వైతే కరెక్టుగా చెప్తావు. మంగళవారం నువ్వు నా దగ్గరికి రాలేదు కదమ్మా? నేను సరిగ్గానే చెప్పానా?"

ఆయన కళ్ళల్లో అనుమానం లేదు. ఉంటే బతికిపోయేది. ఒక పెద్దవయసు మనిషి తన బుర్ర ఇంకా పనిచేస్తోందా లేదా అని అడుగుతున్నాడు, అదీ ఈమెనే అడుగుతున్నాడు, ఎందుకంటే ఈమె ఎప్పుడూ తప్పు కొట్టదు. గాజు తలుపు దగ్గర మేడమ్ నిలబడి, "టకటకా, రా, రెండు నిమిషాలు" అని చెయ్యి ఊపింది, టీమ్ లీడ్ నువ్వే అన్నప్పటి ఆ నవ్వే. భుజం వెనక మూడు వాక్యాలు ఉన్నాయి, కర్సర్ కొట్టుకుంటోంది, మూడూ యాభై ఐదు, ఇంకో నిమిషంలో స్క్రీను దానంతటదే నల్లబడుతుంది, ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. ఎడమ చేతి చిటికెన వేలు అలవాటు కొద్దీ ఎస్కేప్ వైపు పోతోంది, కుడి చేతి చిటికెన వేలు ఎంటర్ మీద ఆనుకుని ఉంది, బాబాయ్ ఇంకా జవాబు కోసం ఒంగే ఉన్నారు, ఆ మోకాలితో అంతసేపు ఒంగలేరు.

ఇంతసేపు ఆగి విన్నారు కదా. ఆ కుర్చీలో మీరుంటే ఏ వేలు కదిపేవారు?